నేల కింద ఆర్గన్

స్నేహితురాలు గీతాంజలి కూతురి అరంగేట్రానికి వెళ్ళకూడదనే అనుకుంది ఉమామహేశ్వరి. ఆ శనివారం ఆమెకు నిద్ర తప్ప ఇంకేమీ అక్కర్లేదనిపించింది. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక మందుల కంపెనీలో వాలిడేషన్ ఉద్యోగం ఆమెది. యంత్రాలు చేయవలసిన పని చేస్తున్నాయో లేదో పరీక్షించి, ఆ పరీక్ష మొత్తాన్ని కాగితం మీద పెట్టాలి. కాగితం మీద లేనిది జరగనట్టే. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. భర్త సూర్యప్రకాశరావు ఇక్కడి ఉద్యోగం పోయాక దేశానికి అవతలి తీరంలోని రెడ్‌మండ్‌లో దొరికిన పనికి వెళ్ళి ఏడాది దాటింది. రెండు నెలలకోసారి వస్తాడు. వచ్చిన రెండు రోజులూ ఇద్దరూ ఎక్కువ భాగం నిద్రపోతారు. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన గ్రీన్ కార్డు ఆ మధ్యనే వచ్చింది. ఉమ కవరు విప్పి చూసి, మళ్ళీ కవర్లోనే పెట్టేసి, బియ్యం కడగడానికి వెళ్ళింది.

"నువ్వు రాకపోతే నేను ఊరుకోను ఉమక్కా," అని గీతాంజలి పొద్దున్నే ఫోన్ చేసింది. "హాల్ కూడా వెరైటీగా ఉంటుంది. వెల్బోర్న్‌లో పాత సినిమా థియేటర్. టౌన్ వాళ్ళు రెంట్‌కి ఇస్తున్నారు. నువ్వు జస్ట్ వచ్చి కూర్చో, చాలు."

కూర్చోవడమే కదా అని వెళ్ళింది.

లారెల్ థియేటర్ ఒక బ్యాంకుకీ, ఒక ఇనుప సామాన్ల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంది. లోపల సన్నగా, పొడుగ్గా, రైలు పెట్టెలా ఉంది. కప్పు మధ్యలో సున్నంతో చేసిన పెద్ద పువ్వు, దాని రేకుల మధ్య చీకటి సందులు. మూడో అంశం మొదలవుతోంది. పాప అరమండిలో నిలబడింది. నట్టువాంగం చేస్తున్నావిడ తాళాలు ఎత్తబోతుండగా, ఆ పువ్వులోంచి ఒక మూలుగు మొదలైంది. ఒకటే స్వరం. ఆగలేదు. తగ్గలేదు. పాట పాడుతున్నావిడ ఆగిపోయింది. జనం ఫైర్ అలారం అనుకుని లేచి నిలబడ్డారు. పిల్ల అరమండిలోంచి లేవాలో వద్దో తెలియక తల్లి వైపు చూస్తోంది.

ఉమ కూడా లేచింది, కానీ తలుపు వైపు కాదు. మెట్టు అంటుకుపోయింది అనుకుంది మనసులో.

ఆమె తండ్రి కోటయ్య తెనాలిలో హార్మోనిస్టు. పౌరాణిక నాటకాలకు కాలు హార్మోనియం వాయించేవాడు. వానాకాలంలో ఏదో ఒక మెట్టు నొక్కింది నొక్కినట్టే ఉండిపోయి, రంగస్థలం మీద కృష్ణుడు పద్యం అందుకోకముందే పెట్టె తనంతట తానే మూలిగేది. అప్పుడు పెట్టె వెనక చెక్క తీసి, సందులో చెయ్యి పెట్టి, ఇరుక్కున్న చెత్త లాగే పని ఎనిమిదేళ్ళ ఉమది. ఆమె వేళ్ళు అంత సన్నగా ఉండేవి.

స్టేజి పక్క తలుపులోంచి ఒక ముసలాయన టార్చిలైటు పట్టుకుని కుంటుతూ బయటికొచ్చాడు. ఎవరో లైట్ల స్విచ్చి అనుకుని గాలి ఊదే బ్లోయర్ ఆన్ చేశారనీ, ఇప్పుడది ఆఫ్ కావడం లేదనీ తనలో తనే గొణుక్కుంటున్నాడు. ఉమ ఆయనకు అడ్డం వెళ్ళి ఇంగ్లీషులో చెప్పింది. "మీ దగ్గర ఏదో స్వరం అంటుకుపోయింది. వైరు తప్పు కాదు. ఎక్కడో దుమ్ము పడి ఉంటుంది."

ఆయన ఆగి ఆమె పట్టుచీరను పైనుంచి కిందికి చూశాడు. "మీకెలా తెలుసు?"

"మా నాన్న హార్మోనియం వాయించేవాడు."

"చెవులు బాగా వినిపిస్తాయా?"

"వినిపిస్తాయి."

"అయితే రండి. నావి అయిపోయాయి."

ఇరుకు మెట్లు దిగి, ఇనుప తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి ఉమకు ఒక్క క్షణం అలసట మరుపుకొచ్చింది. జనం కూర్చున్న కుర్చీల కింద, సరిగ్గా వాళ్ళ పాదాల కింద, సిమెంటు గది నిండా గొట్టాలు నిలబడి ఉన్నాయి. పెన్సిలంత గొట్టం నుంచి తాటి మొద్దంత గొట్టం దాకా, వెయ్యికి పైగా. తగరంవి, జింకువి, చెక్కవి. గాలి ఎక్కడెక్కడి నుంచో బుసకొడుతోంది. ఆ గదిలో మూలుగు ఎటు నుంచి వస్తోందో పట్టుకోవడం కష్టం. ముసలాయన వినికిడి యంత్రం తీసి జేబులో వేసుకుని నిస్సహాయంగా నిలబడ్డాడు. ఉమ కొంగు నడుముకు చుట్టి, వరసల మధ్య పలకల మీద నడుస్తూ, ఒక్కొక్క గొట్టం నోటి మీద అరచెయ్యి పెట్టి చూసింది. పదిహేను నిమిషాలు పట్టింది. మోచేతి పొడుగు జింకు గొట్టం ఒకటి ఆమె చేతికి వెచ్చగా ఊపిరి వదిలింది.

"ఇది."

ఆయన దాన్ని రంధ్రంలోంచి పైకి లాగేశాడు. మూలుగు తెగిపోయింది. పైన జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత వీళ్ళిద్దరి తలల మీద నుంచి పాప అడుగుల చప్పుడు మొదలైంది.

ఆయన పేరు స్టాన్లీ వోయ్‌చిక్. టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ గొట్టాలన్నీ ఆర్గన్ అనే ఒకే వాయిద్యానివి. దాని మెట్టుకీ గొట్టానికీ మధ్య ఉండే అయస్కాంతాలూ తీగలూ పాత టెలిఫోన్ ఎక్స్చేంజిని పోలి ఉంటాయి కనుక నలభై ఏళ్ళ కిందట టౌన్ వాళ్ళు ఆయన్ని పిలిచారు. అప్పుడు దీన్ని చూసుకోవడానికి ఆరుగురు ఉండేవారు. ఇప్పుడు ఆయనొక్కడే.

"వచ్చే శనివారం వస్తారా?" అని అడిగాడు, ఆ జింకు గొట్టాన్ని చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని.

ఉమ రాననే చెప్పబోయింది. శనివారాలు నిద్రకు. "చూస్తాను," అంది. వెళ్ళింది. తర్వాతి శనివారమూ వెళ్ళింది. అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఆ పనిలో సంతోషం కన్నా నడుంనొప్పే ఎక్కువ. ప్రతి గొట్టం కింద చిన్న తోలు సంచి ఉంటుంది. అది గాలికి ఉబ్బి పడిపోతేనే గొట్టం తెరుచుకుంటుంది. ఎన్నో ఏళ్ళనాటి తోలు ఎండి, పొడిపొడిగా రాలిపోతోంది. గొట్టాలను నిలబెట్టిన గాలి పెట్టెల కింద వెల్లకిలా పడుకుని, పాత తోలు గీకి, కొత్త తోలు అంటించాలి. నెలకు పాతిక సంచులు మారిస్తే ఎక్కువ. ఒక వరస బాగయ్యేసరికి ఇంకో వరస మూగబోయేది. ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా నల్లటి బూజు. సూర్యప్రకాశరావు ఫోన్ చేస్తే, "ఇప్పుడే వచ్చానండీ, మాట్లాడే ఓపిక లేదు," అనేది. "ఆఫీస్‌లోనే అంత స్ట్రెస్ కదా, మళ్ళీ ఇదెందుకు?" అనేవాడు ఆయన. 

తోలు ఆరేలోపు స్టాన్లీ కథలు చెప్పేవాడు. స్టాన్ అని పిలవమంటే అలా పిలవలేక ఉమ మిస్టర్ స్టాన్ అనేది. ఆయనకు అది నవ్వుగా ఉండేది.

మామూలు థియేటర్లలో ఆర్గన్ గొట్టాలు స్టేజికి రెండు వైపులా గోడల్లో, జాలీల వెనక ఉంటాయట. మూగ సినిమాలు ఆడే రోజుల్లో వాయించే మనిషి తెర కింద కూర్చుని, బొమ్మకు తగ్గట్టు ఏడుపూ నవ్వూ గుర్రాల పరుగూ అన్నీ ఒక్క చేతి మీద నడిపేవాడు. లారెల్‌లో మాత్రం గొట్టాలన్నీ నేల కింద. గది వెనక గోడలో నిలువుగా, గోడలోపలే కప్పు దాకా కట్టిన ఇటుకల దారి ఉంది. స్టాన్లీ దాన్ని చిమ్నీ అనేవాడు. శబ్దం గదిలోంచి చిమ్నీలోకి, అక్కడినుంచి పైకి, కప్పు మీదుగా ముందుకి, చివరికి సున్నపు పువ్వులోంచి జనం మీదికి దిగుతుంది.

"1927లో డోన్ అనే ఆయన ఈ ఆర్గన్ కట్టాడు," అనేవాడు స్టాన్లీ. "సంగీతం పక్కనుంచి రాకూడదు, ఆకాశంలోంచి రావాలన్నాడు. అందుకని గొట్టాల్ని పాతాళంలో పెట్టాడు. ఇలాంటిది ఇంకోటి నేను చూడలేదు."

బడిపిల్లలు చూడ్డానికొచ్చినా, విలేఖరులొచ్చినా నలభై ఏళ్ళుగా ఆయన ఈ మాటే చెబుతున్నాడు.

ఆ దారంతా తిరిగి రావడానికి శబ్దానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. వినడానికి అదేం పెద్ద ఆలస్యం కాదు. వాయించేవాడికి మాత్రం నరకం. వేలు ఒకటి నొక్కితే చెవికి అంతకు ముందుది వినిపిస్తుంది. దానికోసం ఆగితే ఇంకా వెనకబడతాడు. మొదట వచ్చిన ముగ్గురు వాయిద్యకారులు నెల తిరక్కుండా మానేశారు. నాలుగో మనిషి మేబెల్ ఫ్రే అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయి. ఆమె చెవుల్లో దూది పెట్టుకుంది. తెరను చూసి, వేళ్ళను నమ్మి వాయించింది. మూడేళ్ళు. తర్వాత మాటలొచ్చిన సినిమాలు వచ్చాయి, మేబెల్ ఉద్యోగం పోయింది.

"తర్వాత ఆవిడేం చేసింది?" అని అడిగింది ఉమ.

"లాండ్రీలో పనికి వెళ్ళిందట. ఎవరికీ సరిగ్గా తెలియదు."

ఉమకు తండ్రి గుర్తొచ్చాడు. చివరి రోజుల్లో కోటయ్యకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయింది. ఆ సంగతి నాటక సమాజంలో ఎవరికీ చెప్పలేదు. నటుడి పాట వింటూ కాదు, మెడ నరాన్ని చూస్తూ వాయించేవాడు. రాగం ఎక్కడికి ఎక్కబోతోందో ఆ నరం ముందే చెబుతుందట. వన్స్ మోర్ అని జనం అరిస్తే ఆ అరుపు ఆయనకు వినిపించేది కాదు. నటుడు ఊపిరి పీల్చుకోవడం చూసి మళ్ళీ పద్యం మొదటికి వచ్చేవాడు. ఈ సంగతి ఆమె మొదటిసారి ఒకరికి చెప్పింది, న్యూజెర్సీలో నేల కింద కూర్చుని, ఒక టెలిఫోన్ మనిషికి.  తర్వాతి వారం స్టాన్లీ ఆమెకు వాయించడం నేర్పడం మొదలుపెట్టాడు. జేబులోంచి దూది తీసిచ్చాడు.

మూడో ఏడాది చలికాలంలో బ్లోయర్ గదిలో కప్పు కారింది. తడిసిన చెక్కపలక ఊడదీస్తే దాని వెనక తుప్పుపట్టిన రేకు డబ్బా దొరికింది. అందులో నూనె మరకల కాగితాలు, రెండు డ్రాయింగులు, ఒక టైపు చేసిన ఉత్తరం నకలు. ఆ రోజు స్టాన్లీ భుజం నొప్పితో ఇంటి దగ్గరే ఉన్నాడు. ఉమ ఒక్కతే బల్బు కింద కూర్చుని చదివింది.

డోన్ అప్పటి థియేటర్ యజమానికి రాసిన ఉత్తరం అది. మొదటి డ్రాయింగులో గొట్టాలకు స్టేజికి అటూ ఇటూ గదులున్నాయి. ఆ గదులు తీసేస్తే ఎనభై నాలుగు కుర్చీలు ఎక్కువ పడతాయని యజమానికి తోచింది. తీసేశాడు. ఆర్గన్‌కు బొగ్గు నిలవచేసే సెల్లార్ మిగిలింది. 'మీరు నా వాయిద్యాన్ని పాతిపెడుతున్నారు,' అని రాశాడు డోన్. 'ఊపిరాడటానికి ఒక దారైనా ఇవ్వండి. గోడ వెనక పొగగొట్టం కోసం వదిలిన ఖాళీ ఉంది కదా, అది నాకు ఇవ్వండి.'

ఆకాశం మాట ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఉమ ఆ కాగితాలను వారం రోజులు తన బ్యాగులోనే ఉంచుకుంది. చెప్పకపోతే నష్టమేమిటి అని ఒకసారి అనుకుంది. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. కానీ ఉన్నది ఉన్నట్టు కాగితం మీద పెట్టడం తప్ప ఆమెకు ఇంకో పని చేతకాదు. శనివారం రేకు డబ్బా ఆయన ముందు పెట్టింది.

స్టాన్లీ రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివాడు.

"నలభై ఏళ్ళు అబద్ధం చెప్పానన్నమాట."

"మీకు తెలియదు కదా."

"నాకెవరు చెప్పారో కూడా గుర్తులేదు ఉమా. బహుశా నేనే కల్పించుకున్నానేమో." ఉత్తరాన్ని మడతల వెంట జాగ్రత్తగా మడిచాడు. "కుర్చీల కోసం. చూశారా, ఎనభై నాలుగు కుర్చీల కోసం."

ఆ రోజు ఇద్దరూ పని చేయలేదు.

తర్వాతి ఫిబ్రవరిలో టౌన్ కౌన్సిల్ నుంచి కాగితం వచ్చింది. లారెల్ కప్పు బాగుచేయించే స్థితిలో లేదు. ఆ స్థలంలో వృద్ధులకు అపార్ట్‌మెంట్లూ, కింద ఒక ఆరోగ్య కేంద్రమూ కట్టాలని ఆలోచన. నిర్ణయానికి ముందు సభ్యులు వచ్చి ఆర్గన్ చూస్తారు. ఉమ ఆ కాగితం చదివి కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. వెల్బోర్న్‌లో ముసలివాళ్ళకు డాక్టరు కావాలంటే రెండు బస్సులు మారాలి. స్టాన్లీయే అలా మారి వెళ్ళడం ఆమె చూసింది.

మార్చిలో ఒక ఉదయం అయిదుగురు సభ్యులు వచ్చారు. హీటింగ్ పనిచేయక కోట్లు విప్పకుండానే నాలుగో వరసలో కూర్చున్నారు. వాళ్ళకు పెద్ద డెనీస్ ఓర్టేగా అనే రిటైరైన నర్సు. స్టాన్లీ ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని తెర ముందు నిలబడ్డాడు. అందరికీ చెప్పే కథే చెబుతాడనుకుంది ఉమ. ఆయన జేబులోంచి ఉత్తరం తీశాడు.

"దీని గురించి నేను నలభై ఏళ్ళుగా ఒక కథ చెబుతున్నాను. అది నిజం కాదని ఈ మధ్యే తెలిసింది," అని మొదలుపెట్టి ఉత్తరం మొత్తం చదివాడు. 

చివర కూర్చున్న సభ్యుడొకడు చెయ్యెత్తాడు. "అంటే ఇది ప్రత్యేకంగా ఇలా కట్టింది కాదా? మొదటి నుంచీ పొరపాటేనా?"

"పొరపాటు కాదు," అన్నాడు స్టాన్లీ. "సర్దుకోవడం."

"గొట్టాలు వేరే చోటికి మార్చవచ్చు కదా?"

"మార్చవచ్చు. ఆ చిమ్నీని మార్చలేం. అది లేకపోతే ఇది మామూలు ఆర్గనే."

"మామూలు ఆర్గన్ అయితే ఇంకా బాగా పనిచేస్తుందేమో," అన్నాడతను, ఎగతాళిగా కాదు, నిజంగానే. అందరూ తలలు ఊపారు. స్టాన్లీ ఉమ వైపు చూశాడు. "ఈమె వాయిస్తారు. నా చెవులు పనికిరావు."

ఉమ చెవుల్లో దూది కుక్కుకుని తెర కింద ఆర్గన్ మెట్ల ముందు కూర్చుంది. తెల్ల మెట్లు మంచుముక్కల్లా ఉన్నాయి. స్టాన్లీ నేర్పిన నెమ్మది వాల్ట్జ్ ఒకటి వాయించింది, దాని తర్వాత ఎవరూ అడగకపోయినా కొంచెం మోహనరాగం, తెర లేవడానికి ముందు తండ్రి వాయించే పద్ధతిలో. ఏమీ వినిపించలేదు. వేళ్ళ కింద మెట్లు కదలడం, పాదాల కింద నేల సన్నగా అదరడం మాత్రమే తెలిసింది. ఏ గొట్టాలు పలికాయో, ఏవి మూగబోయాయో తెలియదు. బాగా వాయించానో లేదో కూడా తెలియదు. ఆపి దూది తీసింది. ఆ తర్వాత డెనీస్ ఓర్టేగా చప్పట్లు కొట్టింది, మిగతావాళ్ళూ కొట్టారు.

"చాలా అందంగా ఉంది," అంది డెనీస్ వెళ్తూ ఉమ చెయ్యి పట్టుకుని. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. చలికో, ఇంకెందుకో.

ఏప్రిల్‌లో ఉమ ఆఫీసులో మీటింగులో ఉండగా స్టాన్లీ ఫోన్ వచ్చింది. "నలుగురు కూల్చెయ్యాలన్నారు, ఒకరు వద్దన్నారు," అన్నాడు. వద్దన్నది డెనీస్ అట.

సాయంత్రం ఉమ తిన్నగా ఆయన ఇంటికి వెళ్ళింది. టీవీ ఆన్‌లో ఉంది కానీ మాట వినిపించడం లేదు.

"ఆ ఉత్తరం నేను మీకు ఇవ్వకుండా ఉండాల్సింది," అంది ఆమె. "ఆకాశం కథే చెప్పి ఉంటే..."

"వాళ్ళ మనసులో నిర్ణయం అయిపోయాకే వచ్చారు ఉమా. కోట్లు కూడా విప్పలేదు, చూడలేదా?"

"అయినా సరే."

"నాకు ఉత్తరమే ఇష్టం," అన్నాడు స్టాన్లీ. "ఆకాశంలోంచి సంగీతం రావాలనుకోవడం తేలిక. ఆయన్ని బొగ్గు గదిలోకి తోసేస్తే అక్కడినుంచి పైకి దారి చేసుకున్నాడు. ఆ పని చేసినవాడి గురించి నలభై ఏళ్ళు తప్పుగా చెప్పాను. పోనీ, ఒక్కసారైనా సరిగ్గా చెప్పాను."

ఉమ లేచి టీవీ కట్టేసింది. ఆయన మాట ఒప్పుకుంది, కానీ లోపల బరువు మాత్రం దిగలేదు.

గొట్టాలను ఒహాయోలో ఒక హైస్కూల్ తీసుకుంటానంది. విప్పడం మొదలైంది. ఉమ వరసల వారీగా పట్టికలు తయారుచేసింది. ప్రతి గొట్టానికీ చీటీ, ప్రతి చీటీకీ ఫోటో. ఎనిమిది శనివారాలు, కొన్ని ఆదివారాలు కూడా. తాను కొత్తగా అంటించిన తోలు సంచులు తానే కోసి తీయవలసి వచ్చింది. జూన్ రెండోవారానికి అన్నీ పెట్టెల్లోకి చేరాయి, గోడవారన నిలబడ్డ పన్నెండు చెక్క గొట్టాలు తప్ప. ఒక్కొక్కటి పదహారడుగుల పొడుగు. వాటిని లోపల నిలబెట్టిన తర్వాతే పైన సిమెంటు కప్పు పోశారు. ఏ తలుపులోంచీ, ఏ మలుపులోంచీ బయటికి రావు. స్కూల్ వాళ్ళు అవి అక్కర్లేదన్నారు.

"గోడలతో పాటు నలిగిపోవడం నేను చూడలేను," అన్నాడు స్టాన్లీ. "కోస్తే చెక్కయినా మిగులుతుంది. మా చర్చిలో ఒక వడ్రంగి తీసుకుంటానన్నాడు. బల్లలు చేస్తాడట."

కానీ ఆయన భుజం రంపం పట్టే స్థితిలో లేదు. ఉమ ఒక్కతే చేయగలిగిన పని కాదు. ఆ వారం సూర్యప్రకాశరావు వచ్చి ఉన్నాడు. ఆమె అడగకూడదనుకుంది. శనివారం పొద్దున ఆయన కాఫీ తాగుతూ ఆమె చేతుల వైపు చూశాడు. వేళ్ళకు నాలుగు ప్లాస్టర్లు.

"నేనూ రానా?" అన్నాడు.

"మీకు రెస్ట్ కావాలి కదండీ."

"నీకు అక్కర్లేదా?"

వచ్చాడు. మెట్లు దిగి, ఖాళీ గాలి పెట్టెల మీది వందల రంధ్రాలు చూసి నిలబడిపోయాడు. "నాలుగేళ్ళూ ఇక్కడేనా ఉమా? ఈ సెల్లార్‌లో?"

"ఇక్కడే."

స్టాన్లీ ఆయనకు చెయ్యి కలిపి, మూలనుంచి ఒక లీఫ్ బ్లోయర్ తెచ్చాడు. ముంగిట్లో ఆకులు ఊదే మామూలు యంత్రం. "మీ ఆయన దీన్ని ఒక్కసారి కూడా వినలేదు," అన్నాడు ఉమతో. "అన్నిటికన్నా పెద్దదాన్ని పలికిద్దాం."

బ్లోయర్ మూతిని గుడ్డతో గొట్టం అడుగున బిగించి మీట నొక్కాడు. మొదట యంత్రం రొద తప్ప ఏమీ లేదు. తర్వాత నేల కదిలింది. అది వినిపించిన శబ్దం కాదు. పొట్టలో, మోకాళ్ళలో, పళ్ళ కుదుళ్ళలో తెలిసింది. సూర్యప్రకాశరావు గోడ పట్టుకున్నాడు. తర్వాత ఏదో తోచి, కుర్రాడిలా మెట్లెక్కి పైకి పరిగెత్తాడు. చాలాసేపు రాలేదు. దిగి వచ్చేసరికి నెత్తి మీద, భుజాల మీద తెల్లటి పొడి.

"ఉమా, కప్పు మీంచి సున్నం రాలుతోంది," అన్నాడు ఆయాసపడుతూ. "అక్కడ, ఆ పువ్వులోంచి. శబ్దం కూడా అక్కడినుంచే వస్తోంది. ఇక్కడినుంచి అనుకోలేం అసలు."

"అవును," అంది ఉమ. చెప్పడానికి చాలా ఉంది. మొదలుపెట్టే ఓపిక లేదు. "చివర పట్టుకోండి. కదలనివ్వకండి."

రంపం ఆమె పట్టింది. చెక్క మెత్తగా ఉంది. ఒక్క కణుపు లేదు. కోస్తుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా జిగురు వాసన వచ్చింది. మొదటి గొట్టం రెండు ముక్కలైనప్పుడు స్టాన్లీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. రెండోదానికి తిప్పుకోలేదు. మూడోదానికి తనే గీత గీసి ఇచ్చాడు. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ముగ్గురూ చపాతీలు తిన్నారు. కూర కారంగా ఉందని స్టాన్లీ మూడు గ్లాసుల నీళ్ళు తాగాడు. డెలవేర్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానన్నాడు, ఆగస్టులో.

"మీరేం చేస్తారు శనివారాలు?" అని అడిగాడు.

"పడుకుంటాను," అంది ఉమ. ముగ్గురూ నవ్వారు కానీ ఆమె నిజమే చెప్పింది.

నాలుగు దాటాక పన్నెండోది కోశారు. ముక్కలను మోసి వెనక సందులో పేర్చారు. స్టాన్లీ ఇనుప తలుపుకు తాళం వేయబోయి, ఇక తాళం ఎందుకని వదిలేశాడు. ఉమను గట్టిగా కౌగిలించుకుని, సూర్యప్రకాశరావుకు మళ్ళీ చెయ్యి కలిపి, కుంటుతూ బస్ స్టాప్ వైపు వెళ్ళాడు. కార్‌లో దింపుతామంటే వద్దన్నాడు.

కారు సూర్యప్రకాశరావే నడిపాడు. ఉమ జుట్టులో చెక్కపొట్టు, గోళ్ళలో నలుపు. రూట్ వన్ ఎక్కేసరికి ఆమె తల కిటికీకి ఆనింది. "ఆ డోన్ అనే ఆయన..." అని మొదలుపెట్టి, మాట మధ్యలోనే నిద్రలోకి జారిపోయింది. ఎండ వాలుతోంది. ఆయన రేడియో కట్టేశాడు. ప్లెయిన్స్‌బరోలో ఇంటికి తిరగాల్సిన సిగ్నల్ పచ్చగానే ఉంది. ఆమె నిద్ర మొహాన్ని ఒకసారి చూసి, తిరగకుండా తిన్నగా పోనిచ్చాడు.